కనపడని పదకొండు సెకన్లు

గ్రేసీని నిలబెట్టి హరినాథ్ సార్ అడుగుతున్నంతసేపూ లీలావతి తన ముందున్న తెరనే చూస్తూ కూర్చుంది. తెర మీద ఏమీ కదలడం లేదు. మంచు మైదానంలో ఎర్ర చొక్కాలవాళ్ళూ తెల్ల చొక్కాలవాళ్ళూ కర్రలు చేతబట్టుకుని ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయి ఉన్నారు. వాళ్ళను ఆపింది తనే. మళ్ళీ నడిపించడానికి ఒక్క మీట నొక్కితే చాలు. చెయ్యి రాలేదు.

“ముప్పై ఒక్క చోట్ల బూడిదరంగు,” అన్నాడు హరినాథ్. “నిన్న ఒక్క మ్యాచ్‌లో ముప్పై ఒకటి. ఏమ్మా గ్రేసీ, మ్యాచ్ చూసినావా, కూర్చొని నిద్రపోయినావా?”

“టీవీవాడు చూపీకపోతే నేనేం చేసేది సార్? రీప్లే ఏసినాడు, కోచ్ మొగం చూపించినాడు, జనాలను చూపించినాడు. ఆట యాడ చూపించినాడు?”

“లీలావతికి చూపించినాడే. ఆమెకేమన్నా వేరే టీవీ ఉండాదా?”

ఇద్దరు ముగ్గురు నవ్వారు. గ్రేసీ కూడా నవ్వబోయి, పెదవులు కుదరక ఊరుకుంది.

తిరుపతి కొర్లగుంటలో టైర్ల అంగడి మీద రెండో అంతస్తు ఆ ఆఫీసు. పన్నెండు కుర్చీలు, పన్నెండు మంది ఆడవాళ్ళు, ఒక ఏసీ. అమెరికాలోనో కెనడాలోనో మనకు తెల్లవారాక ముగిసే ఐస్ హాకీ ఆట తొమ్మిదిన్నరకల్లా వీళ్ళ తెరల మీదికి వస్తుంది. మంచు మీద జారే ఆ నల్ల బిళ్ళ ఎవరి కర్రకు తగిలింది, ఎవరు ఎవరికి అందించారు, ఎవరు పోగొట్టుకున్నారు, గోల్ మీదికి ఎక్కడి నుంచి కొట్టారు, అంతా సెకను సెకనుకూ మీటలు నొక్కి గుర్తు పెట్టాలి. ఆ గుర్తులన్నీ కలిపి అక్కడెవరో పటాలు గీసి, ఎవరి వల్ల గెలిచారో ఎవరి వల్ల ఓడారో తేలుస్తారు. ఈ పన్నెండు మందిలో మంచును ఫ్రిజ్‌లో తప్ప చూసినవాళ్ళు లేరు.

ఒక ఆటను ఇద్దరికి ఇస్తారు. ఒకరి షీటు ఒకరు చూడకూడదు. సాయంత్రం హరినాథ్ రెండు షీట్లూ పక్కపక్కన పెట్టి సరిచూసి, మేలైనదాన్ని పైకి పంపుతాడు. కెమెరా ఆటను చూపించని చోట ‘కనపడలేదు’ అనే మీట నొక్కాలని రూలు. నొక్కితే తెర కింద ఉన్న పొడుగాటి పట్టీలో ఆ ముక్క బూడిదరంగుకు తిరుగుతుంది. గ్రేసీ పట్టీ నిండా బూడిద మచ్చలు. లీలావతి పట్టీలో ఒక్కటీ లేదు, కొత్త చీర అంచులాగా.

ఆ పట్టీ అంత నున్నగా ఎట్లా వచ్చిందో లీలావతికి ఒక్కదానికే తెలుసు. నగరిలో వాళ్ళ నాయన గంగులప్ప పవర్‌లూమ్ షెడ్డులో, పదేళ్ళ వయసు నుంచి తెగిన పోగు కోసం బట్ట మీద కన్ను వేసి నిలబడిన మనిషి ఆమె. ఇంటరు మధ్యలో చదువు ఆపింది కూడా ఆ మగ్గాల మధ్య నిలబడ్డానికే. బట్టలో సందు పడితే చీరలు కొనే సేట్ ఆ చీరను తిప్పి మొహాన కొట్టేవాడు. అందుకని సందు పడనివ్వకూడదు. ఇటు పోగూ అటు పోగూ చూస్తే నడుమ రావలసిన పోగు ఏదో తెలుస్తుంది, దాన్ని అతకాలి, అంతే. రీప్లేకు ముందు బిళ్ళ ఎర్ర చొక్కావాడి దగ్గరుండి, రీప్లే అయిపోయాక తెల్ల చొక్కా పంతొమ్మిదో నంబరువాడి దగ్గరుంటే, నడుమ ఏం జరిగుంటుందో ఆమె వేళ్ళకు తెలిసిపోయేది. వేళ్ళు నొక్కేసేవి. అది తప్పని ఆమెకు తోచలేదు. పనితనం అనుకుంది.

“రేప్పొద్దున్నించీ గ్రేసీ ప్లేఆఫ్‌లు చూడాల్సిన పని లే,” అన్నాడు హరినాథ్. “స్కూలు పిల్లకాయల వాలీబాల్ ఉండాది, అది చెయ్. నెలాఖరుకు పైకి కాగితం రాయాల. ఉండేవాళ్ళు ఎవరు, పోయేవాళ్ళు ఎవరు అని. అప్పుడు నన్ను అనుకోవద్దు.”

గ్రేసీ కుర్చీలో కూర్చుంది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుంది గానీ వైరు గుచ్చడం మరిచిపోయింది.

మధ్యాహ్నం ఇద్దరూ ఎప్పటిలాగే మెట్ల మీద కూర్చుని డబ్బాలు తెరిచారు. లీలావతి ఈ ఉద్యోగానికి వచ్చిన మొదటి వారం ఏ మీటకు ఏ వేలు వాడాలో పక్క కుర్చీలోంచి నేర్పింది గ్రేసీయే. చిత్తూరు పిల్ల. నోరు ఊరుకోదు. ఆటగాళ్ళ పేర్లు నోరు తిరగవని వాళ్ళకు నంబర్లను బట్టి పేర్లు పెట్టింది కూడా ఆమే. ఎర్ర జట్టులో పదిహేడు పెళ్ళికొడుకు. నలభై నాలుగు తాత, నెరిసిన గడ్డం ఉంది గనక. ప్లేఆఫ్‌లు, అంటే కప్పు కోసం ఆడే చివరి ఆటలు, అయ్యేదాకా వాళ్ళు గడ్డం గీసుకోరట. కొండకు మొక్కుకున్నట్టే కదా అని ఆఫీసులో అందరికీ అది వెంటనే అర్థమయ్యింది.

“పోనీలే అక్కా. నీవి మగ్గం కండ్లు. నావి చర్చిలో పాటల బుక్కు చూసే కండ్లు,” అంటూ గ్రేసీ తన డబ్బాలోని వంకాయ కూర సగం ఈమె మూతలో వేసింది. తన ముద్ద కలుపుకుంటూ అడిగింది. “రెండో భాగం చివర్లో కోచ్ మొగం పెట్టినాడే, పదకొండు సెకన్లు. తాత దగ్గిర్నించి బిళ్ళ పోయిందని నొక్కినావంట. యాడ కనపడిందక్కా? నేను నాలుగుసార్లు ఎనక్కి తిప్పి చూసినా.”

లీలావతి ముద్ద నోట్లో పెట్టుకుంది. నమలడానికి పట్టినంతసేపు పట్టించింది.

“కోచ్ భుజం ఎనకాల... రవ్వంత కనపడింది,” అంది.

“అట్లనా,” అంది గ్రేసీ. నమ్మింది. “భుజం ఎనకాల నేను చూడలా.”

అప్పటిదాకా అది అబద్ధం కాదు. అతుకు మాత్రమే. నోటితో అన్నాక అబద్ధమయ్యింది. మూతలోని వంకాయ కూరను లీలావతి ఒక పక్కకు జరిపింది.

*

మరుసటి రోజు గోడ మీది పెద్ద టీవీలో హరినాథ్ ఒక పేజీ పెట్టాడు. మొన్నటి ఆట మీద అక్కడివాళ్ళు చేసిన విశ్లేషణ అది. మైదానం బొమ్మ మీద ఎర్ర చుక్కలు, నీలం చుక్కలు, పక్కన నిలువు గీతల పటం. అందరిలోకీ పొడుగాటి ఎర్ర గీత నలభై నాలుగుది. హరినాథ్ ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పాడు. తాత ఆ ఆటలో ఆరుసార్లు బిళ్ళ పోగొట్టుకున్నాడట. అందులో ఒకటి నేరుగా గోల్‌కు దారి తీసిందట. వయసు మీద పడిందనీ, ఇట్లాంటి ఆటలకు ఇక పనికిరాడనీ లెక్కలే చెబుతున్నాయట.

“చూడండమ్మా. అంత పెద్ద పెద్దోళ్ళు మాట్లాడేది దేన్ని బట్టి? ఈ గదిలో కూర్చొని మీరు నొక్కిన దాన్ని బట్టి.”

చప్పట్లు కొట్టారు. లీలావతి కూడా కొట్టింది. కొడుతూనే లోపల లెక్క వేసుకుంటోంది. ఆరింటిలో మూడు తను కళ్ళారా చూసినవి. మూడు చూడనివి. ఆ మూడింటికీ తాత పేరే ఎందుకు పెట్టింది? ముసలివాడు, నిదానస్తుడు, పోగొట్టుకుంటే ఆయనే పోగొట్టుకుని ఉంటాడు. అంతకంటే కారణం ఏమీ దొరకలేదు ఆమెకు.

ఆ తర్వాత హరినాథ్ ఆమెను లేపి నిలబెట్టాడు, అందరికీ చెప్పమన్నాడు, ఎట్లా చూస్తే ఖాళీలు రావో. లీలావతికి ఎప్పుడూ ఎవరూ నువ్వు చెప్పు మేం వింటాం అనలేదు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ఏవేవో చెప్పింది. బిళ్ళను కాదు భుజాలను చూడాలంది. వేగం తగ్గించి చూడాలంది. తెర మూలలు వదిలిపెట్టకూడదంది. చెబుతుంటే మాటలు వాటంతట అవే వచ్చాయి, అదింకా భయంగా ఉంది. వెనక వరసలో గ్రేసీ నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని రాసుకుంటోంది. ఒకచోట తల ఎత్తి, “మూలలు అంటే పైవా, కిందవా అక్కా?” అని అడిగింది.

“రెండూ,” అంది లీలావతి.

గ్రేసీ అది కూడా రాసుకుంది.

*

ఆ మరుసటి రోజు ఆట లేదు. ఒంటిగంటకే బస్సెక్కి, కాపురముండే వడమాలపేటలో దిగేసరికి అత్త పెంచలమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది. అంగన్‌వాడీకి నర్సమ్మ వచ్చిందనీ, పిల్లలందరినీ తూకం వేస్తున్నారనీ, మోనికను తీసుకురమ్మని రెండుసార్లు కబురు పంపారనీ చెప్పింది. లీలావతి చెప్పులు విడవకుండానే నాలుగేళ్ళ మోనికను చంకనేసుకుని నడిచింది. బిడ్డ బరువు తెలియనే లేదు. ఎండలో త్వరగా నడుస్తున్నందుకు అనుకుంది.

నర్సు శకుంతలమ్మ బిడ్డను తూకం మీద నిలబెట్టి అంకె చూసింది. దింపి మళ్ళీ నిలబెట్టింది. తర్వాత నెలనెలా తూకం చుక్క పెట్టి గీత గీసే కార్డు తెరిచింది.

“పన్నెండు కిలోలున్న బిడ్డకు పోయిన నెల పద్నాలుగు అని ఉండాదేమ్మా? నడుమ జొరమేమన్నా వచ్చిందా?”

“లేదమ్మా. తిండి సరిగ్గా తినదు అంతే. కార్డులో గీత పైకే పోతాంది కదా, ఫరవాలేదులే అనుకున్నా.”

లీలావతి కార్డు అందుకుంది. ఆ గీత ఆమెకు బాగా తెలుసు. పొద్దున బస్సుకు పోయే తొందరలో, బిడ్డ రెండు ముద్దలు తిని మొహం తిప్పుకున్నప్పుడల్లా, ఆ కార్డు గుర్తు చేసుకుని గుండె కుదుటపరచుకునేది. మొగుడు ధనుంజయ బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నుంచి ఫోన్ చేసి, పాప ఎట్లుండాదని అడిగితే, కార్డులో పెరిగిందనే చెప్పేది. ఇప్పుడు వేలు పెట్టి నెలలు లెక్కబెట్టింది. ఈ ఎండాకాలం మొదట్లో అత్తకు కంటి ఆపరేషనయ్యి, బిడ్డను మూడు నెలలు నగరిలో అమ్మ దగ్గర వదిలింది. ఆ మూడు నెలల్లో ఈ ఊళ్ళో మోనిక లేనే లేదు. కార్డులో మాత్రం మూడు చుక్కలున్నాయి. ఒకదాని మీద ఒకటి చక్కగా ఎక్కుతూ, చూడముచ్చటగా.

శకుంతలమ్మ మందులు రాసి, వారానికొకసారి తూకానికి రమ్మని, గుడ్డూ పాలూ మానొద్దని చెప్పి, చివర్న మామూలుగానే అంది. “తల్లివి, ఎత్తుకున్నప్పుడు నీకు తెలీలేదా?”

లీలావతి బిడ్డ చెయ్యి పట్టుకుని బయటికి వచ్చింది. బయట వరండాలో అంగన్‌వాడీ టీచరు తాయమ్మ పిల్లల గ్లాసులు కడుగుతోంది. లీలావతి కార్డు పట్టుకుని ఆమె ముందు నిలబడింది. తిట్టడానికే వచ్చింది. నాలుగు మాటలు కూడగట్టుకునే వచ్చింది.

తాయమ్మ కార్డు చూసి, ఈమె మొహం చూసి, గ్లాసు కింద పెట్టింది.

“ఖాళీ పెడితే పైవాళ్ళు ఊరుకోరమ్మా. బిడ్డ యాడ, ఎందుకు తూకం ఎయ్యలా అని అందరి ముందర నన్నే నిలబెట్టి అడుగుతారు. మీ ఇంట్లో అందురూ పొడుగు. బిడ్డ ఏపుగానే ఉండె. ఈ నెల ఇంత, వచ్చే నెల ఇంత ఉంటాదిలే అని పెట్టినా. చెడ్డబుద్ధితో పెట్టలేదు లీలమ్మా.”

లీలావతి కార్డులోని మూడు చుక్కల మీద వేలు పెట్టింది.

“ఖాళీ పెట్టుంటే నేను అడిగుందును,” అంది, చాలా మెల్లిగా.

ఆ మాట తాయమ్మకు తగిలిందో లేదో గానీ లీలావతి మాత్రం అది అన్నాక ఇక అక్కడ నిలబడలేకపోయింది. బిడ్డను ఎత్తుకుని, కార్డు కొంగులో దోపుకుని, ఎవరో వెంట పడుతున్నట్టు ఇంటికి నడిచింది. ఈసారి బిడ్డ ఎంత తేలికగా ఉందో అడుగడుగుకూ తెలిసింది. సాయంత్రం అన్నం పెడుతూ పెంచలమ్మ అడిగింది, తాయమ్మను గట్టిగా కడిగేసి వచ్చినావా లేదా అని. లేదత్తా అంది. ఏందికి వదిలిపెట్టినావని అత్త సణిగింది. ఏందికో అత్తకు చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, లీలావతి బిడ్డ నోటికి ముద్ద అందించి, అది మింగేదాకా గొంతునే చూస్తూ కూర్చుంది.

*

మర్నాడు ఆఫీసుకు పైకెమెరా వీడియో వచ్చింది. మైదానం కప్పు నుంచి మొత్తం ఆటనంతా విడవకుండా తీసే కెమెరా అది. కోచ్ మొహాలూ రీప్లేలూ ఉండవు. షీట్లు ఎంత నిజమో తేల్చుకోవడానికి అప్పుడప్పుడు ఒక ఆటకు పంపిస్తారు. ఈసారి పంపింది ఆ ముప్పై ఒక్క మచ్చల ఆటకే. హరినాథ్ తెచ్చి లీలావతి కంప్యూటరులోనే పెట్టాడు. నీ షీటు నువ్వే సరిచూడమ్మా, నిన్ను మించినవాళ్ళు లేరు అన్నాడు.

లీలావతి ముప్పై ఒక్క చోట్లనూ ఒక్కొక్కటీ చూసింది. పై నుంచి చూస్తే ఆటగాళ్ళు చీమల్లా ఉన్నారు, అయినా నంబర్లు తెలుస్తున్నాయి. ఇరవై ఆరు చోట్ల ఆమె అతికింది అతికినట్టే ఉంది. ఐదు చోట్ల తప్పు. పదకొండు సెకన్ల చోటికి వచ్చేసరికి మూడుసార్లు వెనక్కి తిప్పింది. ఆ పదకొండు సెకన్లలో నలభై నాలుగు మైదానంలోనే లేడు. అంచున బెంచీ మీద కూర్చుని ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని ఉన్నాడు. పక్కనెవరో ఆయన తల పైకెత్తి పట్టుకున్నారు. బిళ్ళను ఎవరూ పోగొట్టుకోలేదు, గోడకు తగిలి దానంతట అదే తెల్లవాళ్ళ దగ్గరికి దొర్లింది. లేని మనిషి మీద పెట్టింది తను ఆ తప్పును.

షీటు తెరిచే ఉంది. ఐదు మీటలు నొక్కి దిద్దేస్తే ఎవరికీ తెలియదు.

హరినాథ్ వెనక నుంచి వంగి చూశాడు. “ముప్పై ఒకటికి ఇరవై ఆరు. అబ్బా, ఏం కన్నమ్మా నీది. ఆ ఐదూ దిద్దేసెయ్.”

“నేను చూడలేదు సార్.”

“ఏంది?”

“ఆ ముప్పై ఒకటీ నేను చూడలేదు. ఉంటాదిలే అని పెట్టినాను.”

హరినాథ్ చుట్టూ చూసి పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. ఆయన మొహంలో కోపం లేదు, ఆశ్చర్యం కూడా లేదు.

“నాకు తెలీదనుకున్నావా? మనిషి కన్నుకు బూడిద రాకుండా ఎట్లుంటాదమ్మా? ఆ బూడిద ఎక్కువైందంటే ఈ పని ఇంకో ఊరికి పోతాది. పన్నెండు మందీ ఇంటికే. అందుకే గ్రేసీని అన్నా. నలుగురూ నీ మాదిరి పెడతారని అన్నా. ఇరవై ఆరు సరిపోయినాయి కదా, ఎవరికేం నష్టం? గ్రేసీ కాగితం సంగతి నేను చూసుకుంటా. నువ్వు మాత్రం నోరు మూసుకొని ఉండు.”

నిజానికి ఆమెకు కావలసిందంతా అందులోనే ఉంది. గ్రేసీ ఉంటుంది, తను ఉంటుంది, ఎవరికీ తెలియదు.

“గ్రేసీని అందరి ముందరా అన్నారు సార్,” అంది.

లేచింది. గోడవార కుర్చీలో గ్రేసీ వాలీబాల్ పిల్లల ఆటకు మీటలు నొక్కుతోంది. లీలావతి ఆమె హెడ్‌ఫోన్ల మీద వేళ్ళతో తట్టింది.

“గ్రేసీ. నీ షీటే సరైంది. నాది కాదు. కోచ్ భుజం ఎనకాల నాకేమీ కనపడలా. నీతో అబద్ధం చెప్పినా. మొన్న ఈడ నిలబడి అందురికీ చెప్పిందీ అబద్ధమే.”

గదిలో మీటల చప్పుడు ఒక్కొక్కటిగా ఆగింది. ఎవరో నవ్వబోయి మానుకున్నారు. లీలావతి ఏ మాట పడటానికైనా సిద్ధపడి నిలబడింది. గ్రేసీ పక్కనున్న నోటుబుక్కు తీసి, రాసుకున్న పేజీ దాకా తిప్పి, చదువుకున్నట్టు చూసి మూసేసింది.

“మూలలు రెండూ చూడమన్నావే. రెండు దినాలుగా చూస్తాండా, కండ్లు మంట,” అంది.

లీలావతికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఏడుపు వస్తే సులువుగా ఉండేది. రాలేదు.

హరినాథ్ లేచి ఏసీ కిందికి పోయి నిలబడ్డాడు. ఆ తర్వాత ఎవరి వైపూ చూడకుండా, ఇద్దరూ కూర్చొని ఆ షీటు రూలు ప్రకారం చేసి పెట్టండి అన్నాడు. నెలాఖరు కాగితంలో ఎవరో ఒకరి పేరు రాయక తప్పదని, ఎవరి పేరో ఇప్పుడు తను చెప్పనక్కర్లేదని కూడా అన్నాడు. లీలావతి తల ఊపింది. శకుంతలమ్మ చెప్పిన గుడ్డూ పాలూ మనసులోకి వచ్చాయి. వచ్చినవాటిని వెళ్ళగొట్టే శక్తి లేక అలాగే ఉండనిచ్చింది.

గ్రేసీ లేచి వచ్చి లీలావతి కుర్చీలో కూర్చుంది. లీలావతి పక్కన స్టూలు మీద కూర్చుని కాగితంలో చూసి టైము చెబుతుంటే గ్రేసీ ఒక్కొక్కటే చెరుపుతూ పోయింది. మొదట తప్పు పడిన ఐదూ పోయాయి. తాత మీద ఉన్నది గ్రేసీ కొంచెం గట్టిగా నొక్కింది. తర్వాత మిగిలినవి మొదలుపెట్టారు. నాలుగు పోయాక గ్రేసీ చెయ్యి ఆపింది.

“ఇది సరిగ్గానే ఉండాదే. పైకెమెరాలో కూడా పెళ్ళికొడుకే అందించినాడు. ఉంచేద్దామా?”

లీలావతి తెర వైపు చూసింది. సరిగ్గానే ఉంది. సెకనుతో సహా.

“నేను చూడలా,” అంది. “ఖాళీ పెట్టు.”

గ్రేసీ వేలు మీట మీద ఒక క్షణం నిలిచి, నొక్కింది. పట్టీలో ఆ ముక్క బూడిదరంగుకు తిరిగింది.

“తర్వాతది చెప్పు,” అంది గ్రేసీ.